బరువులు ఎత్తకూడదంటే ఏవి ఎత్తకూడదని?

డిశ్చార్జి కాగితంలో మందుల పట్టీ కింద ఒక లైను రాశారు: మూడు నెలలు బరువులు ఎత్తరాదు. డాక్టరుగారు నోటితోనూ చెప్పారు. పక్కనే ఉన్న మావారు విన్నారు, తెనాలి నుంచి తోడుగా వచ్చిన మా చెల్లెలు వింది. ఇంటికొచ్చాక అత్తయ్యగారికీ చదివి వినిపించాం. అందరూ సరేనన్నారు. బరువు అనగానే వాళ్ల మనసులో మెదిలింది బియ్యం బస్తా, గ్యాస్ బండ. ఆ రెండూ మా ఇంట్లో నేను ఎత్తేవి కావు కనుక ఇక భయం లేదనుకున్నారు. తడిబట్టల బకెట్టు, మంచినీళ్ల బిందె, పప్పు ఉడికిన కుక్కరు, రుబ్బుతో నిండిన గ్రైండర్ గిన్నె వాళ్ల లెక్కలో బరువులు కావు. అవి ఇంటి పనులు.

నొప్పి మాత్రలతో తగ్గింది. ఇంట్లో ఈ లెక్క మార్చడానికే ఎక్కువ కాలం పట్టింది. నాలాగే హెర్నియా ఆపరేషన్‌కు వెళ్లబోతున్న ఆడవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వాళ్ల ఇంట్లోవాళ్లు కూడా చదివితే ఇంకా మంచిది.

నేను గుంటూరులో ప్రభుత్వ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. ఇల్లు బ్రాడీపేట. ఈ వేసవి సెలవుల్లో పొట్టకు హెర్నియా ఆపరేషన్ చేయించుకున్నాను. విన్నవాళ్లు చాలామంది "హెర్నియానా? ఆడవాళ్లకు కూడా వస్తుందా?" అని అడిగారు. అలా అడగడంలో వింతేమీ లేదు. గజ్జల్లో వచ్చే హెర్నియా ఎక్కువగా మగవాళ్లదే. జీవితకాలంలో మగవాళ్లలో నూటికి 27 మందికి వస్తే ఆడవాళ్లలో ముగ్గురికి వస్తుందని వైద్య పుస్తకాల్లో ఉంటుంది. కానీ హెర్నియాలు అదొక్కటే కాదు. బొడ్డు దగ్గర వచ్చేది ఉంది, తొడ మొదట్లో వచ్చేది ఉంది, పాత ఆపరేషన్ కుట్టు విడిపోయి వచ్చేది ఉంది. నాకు వచ్చింది ఈ ఆఖరిది.

చాలా ఏళ్ల కిందట నాకు గర్భసంచి తీసేశారు. బొడ్డు కింద నిలువు కోత. అప్పుడు కుట్లు చీము పట్టాయి, మానడానికి బాగా ఆలస్యమైంది. మన పొట్ట కండరాలు రెండు పక్కల నుంచీ వచ్చి నడిమధ్యలో ఒక తెల్లటి గట్టి పట్టీగా కలుస్తాయి. లీనియా ఆల్బా అంటారు. అక్కడ కండ ఉండదు, రక్తనాళాలు తక్కువ, అందుకని మానడం నిదానం. దానికి చీము తోడైతే అతుకు ఎప్పటికీ బలహీనంగానే ఉండిపోతుంది. పొట్ట మీద నిలువు కోతతో ఆపరేషన్ జరిగినవాళ్లలో పదిమందికి ఒకరిద్దరికి తర్వాతెప్పుడో ఆ చోట హెర్నియా వస్తుంది. చర్మం పైన మచ్చ చక్కగా కలిసిపోయే ఉంటుంది. లోపలి పొర మాత్రం విడిపోయి, ఆ సందులోంచి కొవ్వో పేగో బయటికి తోసుకొస్తుంది.

మన ప్రాంతంలో ఇది అరుదైన సంగతి కాదని చెప్పడానికి రెండు అంకెలు చాలు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. 2019-21 సర్వేలో మన రాష్ట్రంలో కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లు. అన్ని కోతలూ హెర్నియా కావు. సిజేరియన్‌కు ఇప్పుడు ఎక్కువగా పెట్టే అడ్డ కోతకు ఈ ప్రమాదం బాగా తక్కువ. అయినా ఇన్ని పొట్టల మీద కోతలు ఉన్నచోట, కుట్టు దగ్గర ఉబ్బు గురించి ఆడవాళ్లు ఇంత తక్కువ మాట్లాడుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

నాది మొదట నిమ్మకాయంత ఉబ్బు. పడుకుంటే లోపలికి పోయేది, నిలబడి పాఠం చెబితే సాయంత్రానికి పైకి వచ్చేది. గ్యాస్ అన్నారు. కొవ్వు అన్నారు. చీర కుచ్చిళ్ల కింద ఎవరికీ కనపడదు కూడా. లంగా బొందు సరిగ్గా దాని మీదే పడి ఒరుసుకుపోయేది. కొత్తపేటలో ఒక సర్జన్‌కు చూపిస్తే నిలబెట్టి, "దగ్గమ్మా" అన్నారు. దగ్గగానే ఆయన వేళ్ల కింద ఉబ్బు తన్నింది. స్కాన్ తర్వాత తీయించుకున్నాం గానీ ఆయనకు అప్పుడే తెలిసిపోయింది.

వెంటనే ఆపరేషన్ చేయలేదు. నాకు షుగర్ ఉంది. మూడు నెలల సగటు పరీక్షలో ఎక్కువ వచ్చింది. అది తగ్గించుకుని, కాస్త బరువు తగ్గి రమ్మన్నారు. షుగర్ ఎక్కువుంటే గాయం మానదు, చీము పట్టే భయం ఎక్కువ, చీము పడితే మళ్లీ మొదటికే వస్తుంది. ఆ నెలల్లో నాకు గట్టిగా చెప్పి పంపిన జాగ్రత్త ఒకటుంది. ఉబ్బు పడుకున్నా లోపలికి పోకుండా గట్టిపడినా, నొప్పి పెరిగినా, చర్మం ఎర్రబడినా, వాంతులై గాలి కూడా పోకపోయినా రాత్రీ పగలూ చూడకుండా ఆసుపత్రికి వచ్చేయాలి. పేగు ఆ సందులో ఇరుక్కుని రక్తం అందకపోతే కొన్ని గంటల్లోనే చచ్చుబడిపోతుంది. ఇది చదివేవాళ్లలో ఎవరికైనా హెర్నియా ఉంటే, తతిమ్మావన్నీ మరిచిపోయినా ఈ లక్షణాలు గుర్తుపెట్టుకోండి.

ఆపరేషన్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు, నేను మత్తులో ఉన్నాను. మెష్ గురించి మాత్రం చెప్పాలి, ఎందుకంటే పొట్టలో ప్లాస్టిక్ పెట్టారంటే మా అత్తయ్యగారు చాలా కంగారుపడ్డారు. మెష్ అంటే విడిపోయిన చోట ఆసరాగా పెట్టే సన్నటి వల. నాకు వేసింది పాలీప్రొపిలీన్ దారంతో అల్లినది. బియ్యం బస్తాల సంచులు నేసేది కూడా ఆ జాతి ప్లాస్టిక్‌తోనే. ఫ్రాన్సిస్ అషర్ అనే అమెరికన్ సర్జన్ 1958లో ప్లాస్టిక్ మెష్ వాడటం మొదలుపెట్టినప్పటి నుంచీ ఇది పెరుగుతూ వచ్చింది. విడిపోయిన అంచుల్ని ఒట్టి దారంతో లాగి కుడితే ఏమవుతుందో నెదర్లాండ్స్ సర్జన్లు పోల్చి చూశారు. 2000లో వాళ్లు ప్రచురించిన ఫలితాల్లో, కోత దగ్గరి హెర్నియాకు కుట్లు మాత్రమే వేసినవాళ్లలో మూడేళ్లలో 43 శాతం మందికి, మెష్ వేసినవాళ్లలో 24 శాతం మందికి అది తిరగబెట్టింది. అదే రోగుల్ని పదేళ్ల దాకా చూస్తే 63 శాతం, 32 శాతం అయింది. మెష్ మంచిదని దీన్నిబట్టి తెలుస్తోంది. మెష్ వేసినా తిరగబెట్టే అవకాశం ఉందనీ తెలుస్తోంది. ఈ రెండో సంగతి నా మనసులో గట్టిగా నాటుకుంది.

మెష్ వేసిన రోజునే అది మన ఒంట్లో భాగం అయిపోదు. దాని కన్నాల్లోంచి మన కణజాలం, పందిరికి చిక్కుడు తీగ అల్లుకున్నట్టు, మెల్లగా అల్లుకోవాలి. గాయం మొదటి వారంలో దాదాపు బలం లేనట్టే. మూడు వారాలకు మామూలు బలంలో పావు వంతు దాకా వస్తుంది. మూడు నెలలకు 80 శాతం. అక్కడితో ఆగుతుంది, నూటికి నూరు ఎప్పటికీ రాదు. డాక్టరు మూడు నెలలు అన్నది ఊరికే అన్న మాట కాదు. ఈ ముక్క నేను ఇంట్లో బోర్డు మీద గీసి చెప్పినంత వివరంగా చెప్పాను. మావారికి అప్పుడు మొదటిసారి కొంచెం ఎక్కింది.

మొదటి రోజుల్లో అన్నిటికంటే పెద్ద పని మంచం మీద నుంచి లేవడం. తిన్నగా లేచి కూర్చోవాలని చూస్తే పొట్ట చీలినట్టు ఉంటుంది. నర్సు నేర్పిన పద్ధతి చాలా మంచిది. ముందు పక్కకు ఒత్తిగిలాలి, మోకాళ్లు ముడుచుకోవాలి, కాళ్లు మంచం దింపుతూ మోచేత్తో ఊతం తీసుకుని లేవాలి. పొట్టతో పనే లేదు. దగ్గు వస్తే దిండు పొట్టకు గట్టిగా అదుముకుని దగ్గాలి. పడుకున్నప్పుడు పొట్ట లోపలి పీడనం చాలా తక్కువ, బీపీ కొలిచే లెక్కలో రెండు మిల్లీమీటర్లు. నిలబడితే ఇరవై అవుతుంది. నిలబడి గట్టిగా దగ్గితే వంద దాటుతుంది. చిన్న బరువు ఎత్తడం కంటే పెద్ద దగ్గు, మలబద్ధకంతో ముక్కడం కుట్టుకు ఎక్కువ చేటు. అందుకే మూడు బంతులు పైకి లేచే ఆ ఊపిరి పరికరాన్ని గంటగంటకూ పీల్చమంటారు, ఊపిరితిత్తుల్లో కఫం చేరకుండా. అందుకే విరేచనం మెత్తగా అయ్యే సిరప్ ఇస్తారు. నొప్పి మాత్రల్లో కొన్ని మలబద్ధకం తెస్తాయి, ఆ సంగతి ముందే అడిగి తెలుసుకోండి. మా ఇంట్లో నేల మీద కూర్చునే దొడ్డే. కన్నం ఉన్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి దాని మీద వేసుకున్నాం. దానితో చాలా సుఖపడ్డాను.

పొట్టలోంచి సన్నటి డ్రెయిన్ పైపు, దాని చివర చిన్న ప్లాస్టిక్ డబ్బా. మెష్ చుట్టూ ఊరే నీరు అందులోకి వస్తుంది. దాన్ని రోజూ కొలిచి రాయాలి. రోజుకు 30 మిల్లీలీటర్ల లోపుకు వచ్చాక తీశారు. దాన్ని నైటీకి పిన్నీసుతో పెట్టుకుని ఇంట్లో తిరిగేదాన్ని. డ్రెయిన్ చూసి భయపడి నడక మానేయకూడదు. ఆపరేషనైన మర్నాడే నన్ను వరండాలో నడిపించారు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండాలంటే నడకే మందు.

కొత్తపేట నుంచి ఇంటికి వచ్చేటప్పుడు ఆటో వద్దని కారు మాట్లాడాం. మూడు వంతెనల దారిన వస్తుంటే ప్రతి స్పీడ్‌బ్రేకర్ దగ్గరా డ్రైవర్ "అమ్మా, వస్తోంది" అని ముందే చెప్పి ఆపినంత పని చేశాడు. ఆ అబ్బాయి ఎవరో తెలీదు, అతనికి నా దీవెనలు.

ఇక బెల్టు. పొట్టకు వేసుకునే వెడల్పాటి బెల్టు నడిచేటప్పుడు ధైర్యం ఇస్తుంది, దగ్గితే ఆసరాగా ఉంటుంది. అదే హెర్నియాను ఆపేస్తుందనుకోవద్దు, దాని పని కాసేపు ఆసరా ఇవ్వడం వరకే. గుంటూరు మే నెలలో ఆ బెల్టు లోపల ఒళ్లు ఉడికిపోతుంది. చెమటకు కుట్టు తడవకూడదు. పల్చటి నూలు బనియన్ వేసుకుని దాని పైన బెల్టు పెట్టుకుంటే కాస్త నయం. చీర కట్టడానికి చాలా రోజులు వీలు కాలేదు. లంగా బొందు కోత మీదే పడుతుంది మరి. నైటీలతో గడిపి, బయటికి వెళ్లడానికి నడుము దగ్గర వదులుగా పంజాబీ డ్రెస్సులు కుట్టించుకున్నాను.

తిండి దగ్గర మా ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. అత్తయ్యగారికి ఎనభై దాటాయి. ఆవిడ పెరిగిన రోజుల్లో కోత పడినవాళ్లకు బీరకాయ కూర, పాత చింతకాయ పచ్చడి, చారు, అంతే. "పప్పు పెట్టకండే దానికి, చీము పడుతుంది" అని మా చెల్లెలికి పొద్దున్నే హెచ్చరిక. గోంగూర, వంకాయ అయితే వాటి పేరు కూడా ఎత్తకూడదు. ఆవిడ భయం నాకు అర్థమవుతుంది. పోయినసారి నా కుట్లు చీము పట్టినప్పుడు రాత్రులు మేలుకుని గుడ్డలు మార్చింది ఆవిడే. కానీ గాయం మానాలంటే ప్రొటీన్ కావాలి, మానే కణజాలానికి ముడిసరుకు అదే. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల, అదుపు తప్పిన షుగర్ వల్ల, కందిపప్పు వల్ల కాదు. నేను ఆవిడతో వాదించలేదు. కుట్లు చూడటానికి వెళ్లినప్పుడు ఆవిడను కూడా తీసుకెళ్లాను. "పప్పు, గుడ్డు, పెరుగు రోజూ పెట్టండమ్మా, మీ చేత్తో పెట్టండి" అన్నారు డాక్టరుగారు. ఆ రోజు నుంచి రెండు పూటలా నా పళ్లెంలో పప్పు ఉందో లేదో ఆవిడే చూసుకుంది.

బరువుల సంగతికి వస్తాను. మొదటి ఆరు వారాలు రెండు మూడు కేజీలు మించొద్దు, ఆ తర్వాత మూడు నెలల దాకా ఐదు కేజీలు అని మా డాక్టరు చెప్పారు. కేజీలూ వారాలూ ఆపరేషన్‌ను బట్టి, డాక్టరును బట్టి మారతాయి, మీకు ఎంతో మీ డాక్టరునే అడగండి. అయితే రెండు కేజీలంటే ఎంత? ఇంట్లో ఏది రెండు కేజీలు, ఏది పది అన్నది మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది. ఈ జిల్లాలో చాలా ఇళ్లలో లాగే మా ఇంట్లో కూడా సూట్‌కేసు తూచే చేతి కాటా ఉంది. పచ్చళ్లూ పొడులూ సర్ది, పెట్టె 23 కేజీలు దాటిందా లేదా అని అర్ధరాత్రి దాకా తూచే కాటా. ఒక సాయంత్రం మావారిని ఆ కాటా తీయమన్నాను. "ఏవండీ, నేను రోజూ ఎత్తేవన్నీ ఒక్కొక్కటీ తూచి చెప్పండి" అన్నాను. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, అంకె చేతికొస్తే ఆయనకు నమ్మకం. కాగితం తీసుకుని రాశారు.

దుప్పటి, రెండు తువ్వాళ్లు, చీరలు ఉన్న తడిబట్టల బకెట్టు 11 కేజీలు. దాన్ని నేను పట్టుకుని డాబా మెట్లెక్కేదాన్ని. మంచినీళ్ల బిందె నిండా ఉంటే 14 కేజీలు. పప్పు, నీళ్లతో ఉన్న పెద్ద కుక్కరు ఐదుకు దగ్గర. రుబ్బుతో గ్రైండర్ గిన్నె ఎనిమిది. స్నానానికి తోడిపెట్టే నీళ్ల బకెట్టు 18. మంచినీళ్ల క్యాను 20 కేజీల పైన, దాన్ని వంచి బిందెలోకి పోసేది కూడా నేనే. కూరగాయల సంచీ, బజారు నుంచి నడిచి వచ్చేటప్పుడు, ఏడు. కాగితం నిండింది. ఆయన దాన్ని చూస్తూ కాసేపు కూర్చున్నారు. "ఇంత బరువు రోజూ ఎత్తుతున్నావా నువ్వు?" అన్నారు. పెళ్లయి మూడు దశాబ్దాలు దాటింది, ఆ ప్రశ్న వినడం అదే మొదలు. కోపం రాలేదు. ఆయన అడిగినందుకు నాకు కళ్లనీళ్లు వచ్చాయి.

ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపు మీద అంటించాం. నేను ముట్టుకోకూడనివి ఎర్ర పెన్నుతో గీశారు. క్యాను, బిందె, స్నానం బకెట్టు ఆయన తీసుకున్నారు. క్యానుకు పంపు బిగించారు, వంచే పనే లేకుండా. కుక్కరు బదులు చిన్న గిన్నెల్లో విడివిడిగా వండటం మొదలుపెట్టారు చెల్లెలూ ఆయనా. ఇడ్లీ పిండి బజారు నుంచి వచ్చింది.

తడిబట్టలు మా పనమ్మాయి తీసుకెళ్తానంది. "నేనున్నా కదా టీచరమ్మా" అంటూనే ఒక మాట అంది: "నాకు పిల్లల ఆపరేషన్ అయినప్పుడు వారానికే బిందెలు మోశాను. ఎవరు మోస్తారు మరి?" ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. నాకు సెలవులున్నాయి, జీతం ఉంది, చెల్లెలు ఉంది, కాటా ఉంది. ఆమెకు అప్పుడు ఒక్క మనిషి కూడా లేదు. నా పొట్ట మీది బరువు తీసి ఇంకో ఆడమనిషి నడుము మీద పెడితే అది పరిష్కారం ఎలా అవుతుంది? బకెట్టు సగం సగం చేసి మావారు పైకి తీసుకెళ్లడం, ఆమె ఆరేయడం, అలా కుదుర్చుకున్నాం. ఆమెకు పొట్టలో ఎప్పుడైనా ఉబ్బు కనపడుతుందా అని అడిగాను. లేదంది. వస్తే దాచకుండా చెప్పమన్నాను.

ఆవకాయ రోజులు అప్పుడే వచ్చాయి. "అమ్మాయ్, ఈ ఏడు ఆవకాయ లేనట్టేనా?" అని అత్తయ్యగారు దిగులుగా అడిగారు. "ఉంటుందత్తయ్యా. నేను కలపను, అంతే" అన్నాను. మావారు కాయలు బజారులోనే కొట్టించి తెచ్చారు. ముక్కల్లో జీడి తీసి, టెంకకు అంటుకున్న పల్చటి పొర లాగేసి, పొడిగుడ్డతో తుడవడం నా పని. కుర్చీలో కూర్చుని బల్ల మీద పెట్టుకుని హాయిగా చేశాను. కారం, ఆవపిండి కలిపే వేళకు మాత్రం నన్ను లోపలి గదిలోకి పంపేసి తలుపు వేశారు. మన గుంటూరు కారం డబ్బా మూత తీస్తే చాలు కదా, పక్కింటివాళ్లకు కూడా తుమ్ములే. తుమ్మొచ్చినా దగ్గొచ్చినా నా కుట్టుకు దెబ్బే. లోపల దిండు పొట్టకు పెట్టుకుని కూర్చుని, తలుపు ఇవతల నుంచి కొలతలు చెప్పాను. అత్తయ్యగారు కుర్చీ వేయించుకుని పక్కన కూర్చున్నారు. మావారు చేతులకు నూనె రాసుకుని బేసిన్‌లో కలిపారు. మూడో రోజు తిరగ కలిపిందీ ఆయనే. నిండిన జాడీ తొమ్మిది కేజీలు తూగింది, అది కూడా కాగితంలో రాశారు. ఉప్పు సరిపోయింది. నూనె ఇంకాస్త పడాలి అని అత్తయ్యగారు అన్నారు, ఆయన పోశారు.

పరామర్శకు వచ్చేవాళ్ల గురించి కూడా చెప్పాలి. ప్రేమతోనే వస్తారు. హార్లిక్స్, బత్తాయిలు తెస్తారు. కానీ మనిషి రాగానే నేను లేచి కాఫీ పెట్టబోవడం నాలో ఎంతగా నాటుకుపోయిందో ఆ రోజుల్లో చూసుకున్నాను. గంటల తరబడి నిటారుగా కూర్చుంటే కుట్టు లాగుతుంది. అందుకని మంచం మీద వాలి ఉండే మాట్లాడాను. దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. కాఫీ మావారు పెట్టారు. వచ్చినవాళ్లలో కొందరు ఆయన కాఫీ పెట్టడం చూసి "అయ్యో, మీరెందుకండీ" అంటూ వంటింట్లోకి వెళ్లబోతే ఆయనే వద్దని కూర్చోబెట్టారు.

నడక క్రమంగా పెంచాను. మొదట వరండా, తర్వాత మా లైను చివరి దాకా, ఆ తర్వాత ఎండెక్కకముందే బృందావన్ గార్డెన్స్‌లో ఎన్టీఆర్ స్టేడియం. అక్కడ తెల్లవారకముందు నుంచే నడిచేవాళ్లు ఉంటారు. నెమ్మదిగా నడిచే ముసలివాళ్ల వెనక నేనూ నెమ్మదిగా నడిచాను. కోత కింద అరచేయంత మేర ఇప్పటికీ మొద్దుగా ఉంటుంది, ముట్టుకుంటే ఎవరిదో చర్మంలా అనిపిస్తుంది. కోసినప్పుడు సన్నటి నరాలు తెగుతాయి. కొంత తిరిగి వస్తుంది, కొంత రాకపోవచ్చన్నారు. దానివల్ల ఇబ్బంది లేదు. కొన్నాళ్ల తర్వాత కూడా నొప్పి తగ్గకుండా రోజూ బాధిస్తుంటే మాత్రం ఓర్చుకోవద్దు, వెళ్లి చెప్పాలి.

జూన్ 12న బడి తెరిచారు. నాకు మూడు నెలలు ఇంకా నిండలేదు. వెళ్లేముందు మా హెడ్‌మాస్టారికి కాగితం చూపించాను. పై అంతస్తులో ఉన్న క్లాసులు కిందికి మార్చారు. ఒక సెక్షన్ పిల్లల నోటు పుస్తకాల కట్ట తూచితే తొమ్మిది కేజీలు వచ్చింది. ఇదివరకు స్టాఫ్‌రూముకు, క్లాసుకు నేనే మోసేదాన్ని. ఇప్పుడు పిల్లలు తలా కొన్ని తెస్తున్నారు, దిద్దాక తలా కొన్ని పట్టుకెళ్తున్నారు. నిలబడి వరసగా పీరియడ్లు చెప్పకుండా మధ్యలో కుర్చీ వేసుకుంటున్నాను.

నేను స్టాఫ్‌రూములో ఇదంతా ఏమీ దాచకుండా చెప్పాను. ఎక్కడ కోశారో, ఏం పెట్టారో, డ్రెయిన్ ఎలా ఉంటుందో, లంగా బొందుతో పడే బాధ ఏమిటో. మధ్యాహ్నం అందరూ క్లాసులకు వెళ్లాక ఒక టీచరు నా పక్కకు వచ్చి కూర్చున్నారు. ఆమెకు రెండు సిజేరియన్లు, రెండూ నిలువు కోతలే. బొడ్డు కింద ఉబ్బు రెండేళ్లుగా ఉందట. ఇంట్లో చెబితే పొట్ట పెరిగిందన్నారట. పడుకుంటే పోతోందా అని అడిగాను, పోతోందన్నారు. నొప్పి, వాంతులు ఏమీ లేవన్నారు. అయినా ఇంక ఆగొద్దన్నాను. ఈ శనివారం ఆమెను నేనే కొత్తపేట తీసుకెళ్తున్నాను. వాళ్లాయన్ని కూడా రమ్మన్నాం. డాక్టరు బరువుల సంగతి చెప్పేటప్పుడు ఆయన అక్కడే ఉండాలి.